పేరు చెప్పిన నోరు

చిట్కుల్
14 జూన్ 1992

అక్కకు వందనాలు.

నేను, పిల్ల మంచిగనే ఉన్నం. నీ మరిదికే పానం బాగలేదు. ఈస్టరుకు ఊరికి వచ్చి పోయినంక పదిహేను రోజులకు మొదలైంది. ముందుగాల అరచేతుల మీద దద్దుర్లు లేచినయి. ఇప్పుడు మోచేతుల దాక పుండ్లు. బుక్కెడు తిన్నా కక్కుతున్నడు. ఇక్కడి డాక్టరు సూది ఇచ్చిండు, మలాము ఇచ్చిండు. నాలుగు రోజులు ఇంట్ల ఉంటే తగ్గినట్టే తగ్గుతది, మందుల కంపెనీకి పోయి రాంగనే మళ్ల లేస్తది. రాజారావును నువ్వు ఇప్పుడు చూస్తే గుర్తుపట్టవు అక్కా. బొక్కలు తేలినయి.

మొన్న ఐతారం పెంటయ్య బావ తమ్ముని చూడనీకె వచ్చిండు. రెండు రోజులుండి పోయిండు.

ఒక మాట అడుగుత, నవ్వకు. మన క్రైస్తవుల ఇంటికి చెడు తగలకుంట ఏం చెయ్యాలె? పక్కింటామె గుమ్మానికి నిమ్మకాయలు కడుతది, బూడిద గుమ్మడికాయ కడుతది. కట్టి నిమ్మళంగ నిద్రపోతది. మనకు కట్టనీకె ఏముంది? గడప మీద సిలువ గీస్తే సరిపోతదా? నూనె రాస్తే? నువ్వు ఇరవై ఏండ్ల సంది ఆదివారం బడి చెప్తున్నవు, నీకు తెల్వకుంట ఉంటదా?

ఊళ్ళె అందరు మంచిగున్నరా? మేకల బీరమ్మ ఎట్లుంది?

నీ చెల్లె
అరుణ

*

తుమ్మలకుంట, కొండాపూర్ మండలం
24 జూన్ 1992

మా అరుణకు అక్క దీవెనలు.

నీ జాబు చదివి చర్చిలనే మోకాళ్ల మీద పడ్డ. రాజారావు కోసం పొద్దుమాపు ప్రార్థన చేస్తున్న. అయితే ప్రార్థన నేను చేస్త, దవాఖానకు నువ్వు తీసుకపో. ఆ గల్లీ డాక్టరును ఇడిసిపెట్టు. కంపెనీ కార్డు ఉన్నది గద, పెద్ద దవాఖాన్ల చర్మం డాక్టరుకు చూపియ్యి. దేవుడు డాక్టర్లను ఊకె పుట్టియ్యలే.

గడపకు ఏం కట్టాల్నో అడిగినవు. నాయిన సంగతి మర్చిపోయినవా? ఈ ఊళ్ళె అందరికంటె ముందు బాప్తిస్మం తీసుకున్నది మన నాయిన. ఆ దినం జబ్బకున్న తాయెత్తు తెంపి వాగుల పారేసిండు. వారం తిరగకముందే సస్తడని ఊరంత అనుకున్నరట. ఆ తర్వాత నలభై ఏండ్లు బతికిండు, నిన్ను నన్ను చదివిచ్చిండు. ఆయన ఏ గడపకు ఏం కట్టలే. పొద్దుగాల లేవంగనే మనల్ని కూసోబెట్టి, ముందుగాల నడుముకు సత్యం కట్టుకోవాలె బిడ్డా, దట్టి లేని సిపాయికి కత్తి ఎక్కడ వేలాడుతది అనెటోడు. డాలు, టోపి అన్నీ దాని తర్వాతనే అనెటోడు. నేను బడిల పిల్లలకు చెప్పేది గూడ గదే. అంతకంటె పెద్ద మంత్రం నా దగ్గర లేదు.

ఇగ ఊరి సంగతి. గాలి మంచిగ లేదు. రెండు బర్రెలు సచ్చినయి, ఒకరి కోడలుకు గర్భం పోయింది. నెల సంది బాణామతి బాణామతి అని గుసగుస. మీ పెంటయ్య బావ పట్నం నుంచి వచ్చిన కాడికెల్లి ఆ ముచ్చట ఇంకింత ఎక్కువ చేస్తున్నడు. ఆదివారం ముందు వరుసల కూసుండేటోడు, నాకు సిగ్గయితది.

నువ్వు బీరమ్మను అడుగుడేంది? ఈస్టరు నాడు దడి మీద ఆరేసిన నీ కొత్త చీరె ఆమె మేక నమిలిందని ఇద్దరు గొంతులు పొయ్యేటట్టు కొట్లాడుకున్నరు గద. నీ మొగుడు మంచం పట్ట అని ఆమె తిట్టింది, నువ్వు ఏం తక్కువ తినలే. నా పానం ఎట్లున్నదో అడగని దానివి ఆమెను అడిగినవు. కడుపుల ఏమున్నదో రాయి.

నీ అక్క
దేవమ్మ

*

చిట్కుల్
5 జులై 1992

అక్కా,

జాబు అందింది. పెద్ద దవాఖానకు పోతం. ఇప్పుడైతే ఇస్నాపూర్ దిక్కు రేకుల షెడ్డుల స్వస్థత కూటం నడుస్తది, అక్కడికి పోతున్నం. ప్రార్థన చేసిన నూనె ఇచ్చిండ్రు, రాస్తున్న. కూటం నడిపే అయ్యకు ప్రవచనం వరం ఉన్నదంటరు. జనం మస్తుగ వస్తరు. అది గూడ యేసయ్య పేరే గద, తప్పేముంది?

కడుపుల ఏం లేదు. ఊకెనే అడిగిన.

ఒక్క మాట మాత్రం విను. బీరమ్మ ఇంటి దిక్కు పోకు. ఆమె చేతి నీళ్లు గూడ తాగకు. ఎందుకని అడగకు. నువ్వు ఒక్కదానివే ఉంటవు, నాకు నువ్వు తప్ప ఎవ్వరు లేరు.

అరుణ

*

తుమ్మలకుంట
19 జులై 1992

అరుణకు,

నీ జాబు వచ్చిన దినమే బీరమ్మ ఇంటి మీద రాళ్లు పడ్డయి. నాలుగు పెంకులు పగిలినయి. తెల్లారి బాయి కాడ ఆమె బిందె పక్కకు తన్నిండ్రు. ఆమె చేసిందట బాణామతి. బర్రెలను ఆమెనే సంపిందట. రాజారావు చేతులు ఆమెనే పుండ్లు చేసిందట! ఈ మాట పెంటయ్య చర్చి మెట్ల మీద నిలవడి చెప్పిండు. పట్నంల దైవజనుడు పేరు పెట్టి చెప్పిండట, మేకలున్న ముండమోపి అని.

నీకు నిజం చెప్త, నాకు బీరమ్మ అంటే మోజేం లేదు. నోరు మంచిది కాదు. నన్ను గూడ కిరస్తానం పంతులమ్మ అని ఎక్కిరిస్తది. అయినా ముప్పై ఏండ్ల సంది ఈ గల్లీల చూస్తున్న, నోటితోని తిడుతది గని చేతితోని ఎవ్వరికి కీడు చెయ్యలే.

అందుకని మొన్న పగటీలి అందరు చూస్తుండంగ ఆమె ఇంటికి పోయిన. "బీరమ్మా, ఆకలయితుంది, రొట్టె ఉన్నదా?" అన్న. ఆమె నన్ను కింది నుంచి మీది దాక చూసింది. "నీకేం పుట్టింది పంతులమ్మా? సావాల్నని ఉన్నదా?" అన్నది. "ముందుగాల రొట్టె పెట్టు, సచ్చుడు తర్వాత చూద్దం" అన్న. అరుగు మీద కూసుని జొన్నరొట్టె, మేకపాలు, పచ్చిమిరపకాయ తొక్కు తిన్న. గల్లీ మొత్తం గోడల మీదికెల్లి చూసింది. బుక్కబుక్కకు నేను ఎప్పుడు పడిపోతనా అని ఎదురు చూసిండ్రు. తొక్కు కారానికి కండ్లల్ల నీళ్లు వచ్చినయి, దానికి గూడ గుసగుస పెట్టిండ్రు. నాయిన చూస్తే మస్తు సంబరపడెటోడు. కడుపు నిండ తిని, చేతులు కడుక్కొని, ఆమెకు దీవెన చెప్పి నిమ్మళంగ నడిచి వచ్చిన.

నేను మంచిగ ఉన్న. ఏం కాలే.

ఇప్పుడు ఒకటి అడుగుత. ఊళ్ళె రాళ్లు పడకముందే, ఆమె మీద నింద పడ్డదని నేను రాయకముందే, ఆమె చేతి నీళ్లు తాగొద్దని చిట్కుల్ల ఉన్న నీకు ఎట్ల తెలిసింది? నాయిన బిడ్డవు. తిన్నగ జవాబు రాయి.

దేవమ్మ

*

చిట్కుల్
2 ఆగస్టు 1992

అక్కా,

నువ్వు మంచిగ ఉన్న అని రాసినవు. అబద్ధం. పెంటయ్య బావ నిన్న వచ్చిండు. రొట్టె తిన్న మూడో దినం నుంచే నీకు సలిజ్వరమట, దుప్పట్ల వణుకుతున్నవట. చూసినవా, పంతులమ్మకే తగిలింది అని బావ చెప్పిండు. నాకు తెల్వొద్దని దాచినవు. నన్ను మాత్రం నిజం రాయమంటున్నవు.

అయినా రాస్త. రెండు రాత్రులు నిద్ర పట్టలే. ఇది రాయకుంటె ఇగ పట్టదు.

మే నెల ఆఖరుకు ఆ షెడ్డుకు మొదటిసారి పోయిన. అయ్య నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నీ ఇంటి మీద చీకటి ఉన్నది" అన్నడు. ఏడ్చిన. "ఒక ఆడమనిషి కండ్లు నీ ఇంటి మీద ఉన్నయి" అన్నడు. కొంగుతోని కండ్లు తుడుచుకున్న. "నీ సొంతూళ్ళె మొగడు లేని మనిషితోని నీకు పంచాయితీ అయ్యిందా?" అన్నడు. అక్కా, అప్పుడు నేనే అన్న. "మేకల బీరమ్మనా అయ్యా?" అని. ఆయన కండ్లు మూసుకొని, "ఆమెనే, ప్రభువు నాకు చూపియ్యనే చూపిచ్చిండు" అన్నడు. అందరు స్తోత్రం అని అరిచిండ్రు.

చూపిచ్చింది ప్రభువు కాదు, నేను. అయ్య ఆ పేరును నా నోట్ల నుంచి తీసి నాకే ఇచ్చిండు. ఆ దినం నాకు అది సమజ్ కాలే. సమజ్ అయిందో, కావొద్దని అనుకున్ననో. ఎందుకంటే పేరు దొరకంగనే నాకు నిమ్మళమైంది. ఇంత పరేషాన్‌ల కోపం చేసుకోనీకె ఒక మనిషి దొరికింది. జూన్‌ల బావ వచ్చినప్పుడు చెప్పిన. బావ దాన్ని ఊరికి మోసిండు.

ఇంకొకటి విను. మొన్న గురువారం రాజారావును పెద్ద దవాఖానకు తీసుకపోయిన. చర్మం డాక్టరమ్మ చేతులు చూసి, "కంపెనీల ఏం పని?" అని అడిగింది. డ్రమ్ములు కడుగుత, మందు వండే రియాక్టరు కింద పౌడరు ఎత్తుత అన్నడు. "గ్లౌజులు ఉన్నయా?" "చినిగినయి మేడం, మూడు నెలలాయె, మళ్ల ఇయ్యలే." ఆమె నా దిక్కు తిరిగి, "మందు వాసన కడుపుల పోతుంది, మందు నీళ్లు చేతులను తింటున్నయి. ఈ పని మానకుంటే ఏ మలాము పనిచెయ్యదు" అన్నది. కాయితం మీద రాసి సంతకం చేసి ఇచ్చింది. వార్డుల ఉంచుకున్నది. అన్నం లోపల ఆగబట్టి రెండు రోజులైంది.

ఈస్టరుకు వచ్చి పోయినంకనే ఆయనను ఆ సెక్షన్‌ల ఏసిండ్రు. బీరమ్మ తిట్టింది గూడ గప్పుడే. నేను తిట్టును లెక్కపెట్టిన, సెక్షన్‌ను లెక్కపెట్టలే.

గడపకు ఏం కట్టాల్నని నిన్ను అడిగిన. అక్కా, చెడు గడప దాటి వచ్చింది కాదు. నా నోట్ల నుంచి పోయి బీరమ్మ ఇంటి మీద పడ్డది. నన్ను ఏం చేస్తవో చెయ్యి.

అరుణ

*

తుమ్మలకుంట
9 ఆగస్టు 1992

చెల్లెకు,

జ్వరం దాచింది నా తప్పే. పంతులమ్మకు జ్వరం వచ్చిందంటె బీరమ్మ మీద ఇంకో రాయి పడుతదని దాచిన. నువ్వు భయపడుతవని గూడ దాచిన. సర్కారు డాక్టరు రక్తం చూసి మలేరియా అన్నడు, గోలీలు మింగుతున్న. వానకాలం ఈ ఊళ్ళె ఇంటికొకలు వణుకుతున్నరు. వాళ్లెవ్వరు బీరమ్మ రొట్టె తినలే.

నీ జాబు మూడుసార్లు చదివిన. మొదటిసారి కోపం వచ్చింది. చేతికి దొరికితే చెంప పగలగొట్టెదాన్ని. రెండోసారి ఏడుపు వచ్చింది. మూడోసారి చదువుతుంటే ఇది నా మీద గూడ పడ్డది. ఇరవై ఏండ్లు బడిల దట్టి, డాలు, టోపి ఉన్న ఆ సిపాయి కవచం బొమ్మ గీసి పిల్లలకు రంగులు నింపిచ్చిన. కాపుదల అంటే మనకు జ్వరం రాకపోవుడు, మన ఇంటికి కష్టం రాకపోవుడు అన్నట్టే చెప్పుకుంట వచ్చిన్నేమో. అది కాదు అరుణా. జ్వరం విశ్వాసికి గూడ వస్తది. మనకు కష్టం వచ్చినప్పుడు ఆ చెడు మన లోపలికి దిగి, మన చేతుల నుంచి ఇంకొకరి మీదికి పోకుంట ఆగాలె. దాని కోసమే కవచం. నాకు ఇది యాభై రెండేండ్లకు, నీ జాబు చూసి తెలిసింది.

ఇక్కడి సంగతి చెడ్డగ ఉంది. వచ్చే ఐతారం ప్రార్థన అయినంక బీరమ్మను పట్టి పండ్లు పీకుతరట. పండ్లు లేకుంటె మంత్రం పలుకదట. పెంటయ్య పటకారు గూడ తయారు పెట్టుకున్నడు. నేను సంగారెడ్డికి పోలీసులకు కాయితం రాసి పంపిన. వాళ్లు ఎప్పుడు వస్తరో తెల్వదు. అప్పటిదాక బీరమ్మను చర్చిల పెట్టుకుంట.

నేను చెప్తే ఎవ్వరు వింటలేరు. తిని జ్వరం తెచ్చుకున్న దాని మాటకు ఏం ఇలువ? వాళ్లు మోస్తున్నది నువ్వు ఇచ్చిన పేరు. నువ్వు రావాల్నని నేను అనను. నీ మొగడు వార్డుల ఉన్నడు, ఒడిల పిల్ల ఉన్నది. నాయిన అయితే ఏం చేసెటోడో నీకు ఎరుకే.

దేవమ్మ

*

చిట్కుల్
18 ఆగస్టు 1992

అక్కా,

నీతోని నాలుగు మాటలు మాట్లాడకుంటనే బస్సు ఎక్కాల్సి వచ్చింది. తలుపు అవుతలి దిక్కు ఏం జరిగిందో నువ్వు చూడలే గద. రాస్త.

పిల్లను పక్కింటామె దగ్గర ఇడిసి పొద్దున మొదటి బస్సు ఎక్కిన. సంగారెడ్డిల దిగి కొండాపూర్ బస్సు పట్టుకొని వచ్చేసరికి పన్నెండు దాటింది. చర్చి ముంగట ముప్పై నలభై మంది. సగం మంది మనోళ్లే, ప్రార్థన చేసి వచ్చినోళ్లే. పెంటయ్య బావ తలుపు గుద్దుతున్నడు. బావ చేతుల పటకారు ఉన్నది. నిజం చెప్తున్న అక్కా, వెనుకకు తిరుగుదమనుకున్న. బస్సు ఇంకా అక్కడనే ఉన్నది.

ఆ టైమ్‌ల బావ నన్ను చూసి, "అగో, మా మరదలు వచ్చింది! అడుగుండ్రి, దైవజనుడు పేరు చెప్పిండా లేదా అడుగుండ్రి!" అని అరిచిండు. అందరు నాకు తొవ్వ ఇచ్చిండ్రు. నడిచి మెట్ల మీదికి ఎక్కిన. తలుపుకు ఈపు ఆనిచ్చి నిలవడ్డ.

"అయ్య చెప్పలే" అన్న. "నేను చెప్పిన."

"ఏందిరా పోరి అంటుంది?" అన్నడు ఎవడో.

"చీరె కోసం కొట్లాడిన కోపం నా కడుపుల ఉండె. అయ్య అడిగిండు, ఎవరితోనన్న పంచాయితీ అయ్యిందా అని. బీరమ్మ పేరు నేను ఇచ్చిన. దేవుడు చెప్పలే, ఆ అయ్య చెప్పలే. ఈ నోరు చెప్పింది. అబద్ధం చెప్పింది."

డాక్టరమ్మ రాసిన కాయితం తీసి బావకు ఇచ్చిన. "నీ తమ్ముని చేతులు మందు నీళ్లకు కాలినయి బావా. గ్లౌజులు లేక కాలినయి. వార్డుల పండుకొని అన్నం తింటున్నడు. ఈమె పండ్లు పీకితే ఆయన చేతులు మానుతయా?"

బావ కాయితం చూడలే. "ఆడిదానివి, నీకేం ఎరుక? పక్కకు జరుగు" అని చెయ్యి పట్టి గుంజిండు. అప్పుడు నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో తెల్వదు. నేను నేర్చుకొని పోయిన మాట కాదు. మెట్టు మీద కూసున్న. "పండ్లు పీకాల్నంటే ఆ పేరు చెప్పిన నోటివి పీకుండ్రి. బాణామతి చేసింది ఇదే" అని నోరు తెరిచిన.

ఎంతసేపు గట్ల కూసున్ననో. ఎండ మొఖం మీద కొడుతుంది. కండ్లు మూసుకున్న. తర్వాత ఒక చెయ్యి మొఖానికి తగిలింది. కండ్లు తెరిస్తే ముత్యమ్మ, గర్భం పోయిన కోడలు ఉన్నది గద, ఆ పిల్ల అత్త. కొంగుతోని నా మొఖం తుడుస్తుంది. "నోరు మూసుకో బిడ్డా" అన్నది. వెనుకకు తిరిగి, "మీకు గూడ ఆడపిల్లలున్నరు, నడువుండ్రి ఇంటికి" అన్నది. ముందుగాల ఆడోళ్లు కదిలిండ్రు. బావ పటకారు ఇంకొకరికి ఇయ్యబోతే ఎవ్వరు చెయ్యి సాపలే. కింద పడేసి పోయిండు.

నువ్వు తలుపు తీసినంక బీరమ్మ కాళ్లు పట్టుకున్న. ఆమె నా దిక్కు చూడనే లేదు. "నా మేకలకు పొద్దటి సంది నీళ్లు లేవు" అని పోయింది. నేను వెనుకనే పోయి బాయిల నుంచి ఆరు బిందెలు చేది పోసిన. ఆమె మేకలకు తాపింది. నేను మాఫ్ చెయ్యమని ఇంకోసారి అడగలే. అడిగే హక్కు లేదనిపిచ్చింది.

అరుణ

*

తుమ్మలకుంట
24 ఆగస్టు 1992

మా అరుణకు, నిండు దీవెనలు.

నువ్వు అవుతలి సంగతి రాసినవు, లోపలి సంగతి నేను రాస్త.

ఆ దినం జ్వరం ఉండె. ప్రార్థన అయ్యేసరికి ఒళ్లు కాలుతుంది. అందరు బయటికి పోంగనే గడెం పెట్టి, బల్లను తలుపుకు అడ్డం జరిపి, దాని మీద నేను కూసున్న. నా బరువు ఎంత? పెంటయ్య తలుపును ఒక్కో గుద్దు గుద్దుతుంటే బల్లతోని నేను ఊగుతున్న. బీరమ్మ మూలకు కూసుని తిడుతుంది. వాళ్లను, వాళ్ల తాతలను, ఆఖరుకు నన్ను గూడ. "నీ దేవుడు ఏం చేస్తుండు?" అని అడిగింది. జ్వరంల వాక్యం ఒక్కటి గూడ యాదికి రాలే. యేసయ్యా, యేసయ్యా అనుకుంట కూసున్న. ఇరవై ఏండ్ల పంతులమ్మ దగ్గర గంతే మిగిలింది.

అప్పుడు గుద్దుడు ఆగింది. నీ గొంతు వినవడ్డది. "నేను చెప్పిన" అన్నవు.

బీరమ్మ తిట్టుడు బందు చేసింది. "ఎవలది?" అన్నది.

"మా చెల్లె."

"ఏ చెల్లె? సీరె కోసం నాతోని కొట్లాడిందేనా?"

"అదే."

మోకాళ్ల మీద పాక్కుంట తలుపు దాక వచ్చి సెవి ఆనిచ్చింది. ఇద్దరం పక్కపక్కన తలుపుకు సెవులు పెట్టి విన్నం. నువ్వు నోటి పండ్ల మాట అన్నప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకున్నది. గోర్లు దిగినయి, ఇంకా మచ్చలున్నయి. "మస్తు గట్టి పిండం" అన్నది. తర్వాత ఏడ్చింది. రాళ్లు పడ్డప్పుడు ఏడవని మనిషి.

పోలీసు జీపు మాపటేల వచ్చింది. పెంటయ్యను పిలిచి గట్టిగ చెప్పి పోయిండ్రు. ఇప్పుడు బాయి కాడ బీరమ్మ బిందెను ఎవ్వరు తన్నరు. పలుకరిచ్చేటోళ్లు ఇంకా తక్కువే. అది ఒక దినంల అయ్యేది కాదు. పెంటయ్య నిన్న ఐతారం చర్చికి రాలే. మాపటికి నేనే వాళ్లింటికి పోయి కూసున్న. రాజారావు ఎట్లున్నడని అడిగితే తల వంచుకొని, "నేను గూడ తమ్ముడు సస్తడేమోనని భయపడ్డ పంతులమ్మా" అన్నడు. ఆ మాట దగ్గర నుంచి మొదలు పెట్టాలె ఆయనతోని.

నిన్న బడిల పిల్లలు అడిగిండ్రు, మీ చెల్లె నిజంగ నోరు తెరిచి కూసున్నదా అని. కూసున్నది అన్న. రంగుల బొమ్మలు పక్కకు పెట్టి ఆ దినం మొత్తం నీ ముచ్చటనే చెప్పిన. నాయిన తాయెత్తు తెంపిన ముచ్చట ఇన్నేండ్లు చెప్పిన. తాయెత్తు తెంపుడు సులువేమో అరుణా. నలుగురి ముంగట నేను అబద్ధమాడిన అనుడు అంత సులువు కాదు. ఆయన ఉంటే ఈ మాట ఆయనే అనెటోడు.

దేవమ్మ

*

చిట్కుల్
11 అక్టోబరు 1992

అక్కకు వందనాలు.

రాజారావు వార్డు నుంచి ఇంటికి వచ్చి నెల దాటింది. పుండ్లు మానినయి, మచ్చలు మిగిలినయి. డాక్టరమ్మ కాయితం పట్టుకొని ఇద్దరం కంపెనీకి పోయినం. ఆయన ఒక్కడే పోత అన్నడు, నేను ఇడవలే. పది రోజులు తిప్పిచ్చుకొని స్టోరుల పని ఇచ్చిండ్రు. ఆ సెక్షన్ల ఉన్నోళ్లు గూడ గ్లౌజులు కావాలని సంతకాలు పెట్టి ఇచ్చిండ్రు, మొదటి సంతకం ఈయనదే. మోచేతుల దాక వచ్చే రబ్బరువి ఇచ్చిండ్రు.

ఇంకొక సంగతి రాయాలె. మొన్న శుక్రవారం ఆ షెడ్డుకు పోయిన. అయ్యతోని కొట్లాడనీకె కాదు. ఆ దినం నేను పేరు చెప్పినప్పుడు స్తోత్రం అన్నోళ్లు అక్కడనే ఉన్నరు గద, వాళ్లకు ఆ పేరు అబద్ధమని చెప్పకుంటె సగమే చెప్పినట్టు అనిపిచ్చింది.

వెనుక వరుసల కూసున్న. ముంగట ఒక పిల్ల తల్లి ఉన్నది. బీహారు నుంచి వచ్చినోళ్లు, మొగడు ఇనుము కంపెనీల పనిచేస్తడు. ఒళ్ల రెండేండ్ల పిల్ల, తల వాలేసి ఉన్నది. పక్కనున్నామె అయ్య మాటలు హిందీల చెప్తుంది. అయ్య ఆ తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టిండు. అదే గొంతు అక్కా. నీ ఇంటి మీద చీకటి ఉన్నది. ఒక ఆడమనిషి కండ్లు ఉన్నయి. నీకు ఎవరితోనన్న పంచాయితీ అయ్యిందా?

ఆమె పెదవులు కదిలినయి. ఆమె నోట్లకు ఒక పేరు వస్తుంది, నాకు కనవడుతుంది. నేను లేచిన.

"బహెన్, నామ్ మత్ బోలో!" అని అరిచిన. పేరు చెప్పకు అననీకె నాకు వచ్చిన హిందీ గంతే.

షెడ్డు మొత్తం నా దిక్కు తిరిగింది. అయ్య, "సాతాను అడ్డం పడుతుంది" అన్నడు. ఇద్దరు మనుషులు నా రెక్కలు పట్టిండ్రు. నేను ముందుకు జరిగి తెలుగుల చెప్పిన. "మే నెలల ఇక్కడనే నేను ఒక ముసలామె పేరు చెప్పిన. మీరందరు స్తోత్రం అన్నరు. మా ఊళ్ళె ఆమె పండ్లు పీకబోయిండ్రు. ఆమె ఏం చెయ్యలే. నా మొగనిది కంపెనీ మందుల రోగం. పిల్లను దవాఖానకు తీసుకపోండ్రి, ఎవ్వరి పేరు చెప్పకుండ్రి." పక్కనున్నామె అది గూడ హిందీల చెప్తుండంగ నన్ను బయటికి నూకిండ్రు. చెప్పు ఒకటి లోపలనే ఉండిపోయింది.

రోడ్డు మీద ఒంటి చెప్పుతోని నిలవడ్డ. పోని, చెప్పిన అనుకున్న. ఇంతల వెనుక నుంచి అడుగుల చప్పుడు. ఆమెనే, పిల్లను భుజాన ఏసుకొని ఉరికి వస్తుంది. "దీదీ, డాక్టర్ కిధర్?" అని డాక్టరు ఎక్కడని అడిగింది. ఆటో ఎక్కి పటాన్‌చెరు దవాఖానకు పోయినం. పిల్లకు నిమోనియా అన్నరు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే దక్కకపోతుండె అన్నరు. సూదులు, గ్లూకోజు పెట్టిండ్రు. ఇయ్యాల చూడనీకె పోతే మంచం మీద కూసుని బిస్కటు తింటుంది.

ఎవరి పేరు చెప్దమనుకున్నవని నేను ఆమెను అడగలే. ఆమె గూడ చెప్పలే. ఆ పేరుగల మనిషి ఎవ్వరో, ఏ ఊళ్ళె ఉన్నదో, ఇయ్యాల పొయ్యి ముట్టిచ్చి వండుకొని తింటుంటది. తనకు ఏమైతుండెనో ఆమెకు ఎన్నడు తెల్వదు.

అక్కా, గొప్పలు చెప్పుకుంటుంది అనుకోకు. నాకు గర్వంగ ఉన్నది. ఇది తప్పయితే రాయి, ప్రార్థనల ఒప్పుకుంట.

నీ అరుణ

*

తుమ్మలకుంట
17 అక్టోబరు 1992

మా చెల్లెకు,

గర్వం పాపమని ఇరవై ఏండ్లు నేర్పిన దాన్ని నేనే. ఈసారికి ఒప్పుకోకు. ఒప్పుకునేది ఉంటే నేను ఒప్పుకుంట. ఎందుకంటే నీ జాబు కొంగున కట్టుకొని తెల్లారి నుంచి ఊరంత తిరుగుతున్న. అడిగినోళ్లకు చదివి వినిపిస్తున్న, అడగనోళ్లకు గూడ వినిపిస్తున్న.

నీ అక్క
దేవమ్మ